చైనా లాంతర్ల పండగ అసలు ఎలా మొదలైంది? తెలిసినవాళ్లు చెప్పండి

సోషల్_టీచరమ్మ (తెనాలి)

అందరికీ నమస్కారం. హైస్కూల్లో సోషల్ చెబుతాను. ఎనిమిదో తరగతికి ఇతర దేశాల పండగల మీద ప్రాజెక్టు ఇచ్చాం. మా సెక్షన్‌కి చైనా లాంతర్ల పండగ వచ్చింది. పిల్లలు మహా హుషారుగా ఉన్నారు. నాకే టెన్షన్‌గా ఉంది, ఏ సైటు తెరిచినా ఒక్కో కథ.

ఒకదాంట్లో స్వర్గాధిపతి పెంచుకున్న కొంగ నేలమీదికి దిగితే ఊరివాళ్లు చంపేశారట. ఆయన కోపంతో ఊరు తగలబెట్టమంటే, కూతురు జాలిపడి ఆ సంగతి ముందే చేరవేసిందట. ఊరంతా ఎర్ర లాంతర్లు కట్టి టపాకాయలు కాలిస్తే, పైనుంచి చూసినవాళ్లు ఊరు అప్పటికే తగలబడుతోందని వెనక్కి వెళ్లిపోయారట. ఇంకోదాంట్లో యువాన్‌శియావ్ అనే అంతఃపుర దాసి అమ్మానాన్నల్ని చూసే దారిలేక బావిలో దూకబోతే, దోంగ్‌ఫాంగ్ షువో అనే ఆస్థానికుడు అగ్నిదేవుడి పేరుతో ఒక ఉపాయం పన్ని, రాజధాని అంతా దీపాలు పెట్టించి, ఆ సందట్లో వాళ్లను కలిపాడట. మూడోచోట బౌద్ధ భిక్షువులు దీపాలు పెట్టడం చూసి హాన్ చక్రవర్తి మింగ్ దేశమంతా పెట్టమన్నాడని ఉంది.

పిల్లలకు ఏది చెప్పాలి? లాంతర్లు ఎర్రగానే ఎందుకుంటాయి? క్లాసులో చేయించగలిగింది ఏమైనా ఉందా?

పాతచరిత్ర (హైదరాబాద్)

మేడమ్, ఆ మూడింటినీ కథలుగానే చెప్పండి, పిల్లలకు నచ్చుతాయి. చరిత్ర మాత్రం వేరే దారిలో నడిచింది.

ముందు తేదీ. చైనా చాంద్రమానంలో మొదటి నెల 15వ రోజు, అంటే కొత్త సంవత్సరంలో వచ్చే మొదటి పున్నమి. చాలా ఏళ్లలో అది మన మాఘ పౌర్ణమి రోజే పడుతుంది. 2023, 2024, 2025 మూడేళ్లూ అలాగే పడింది. కొత్త సంవత్సరం సంబరాలకు అదే ఆఖరి రోజు.

హాన్ చక్రవర్తి వూ, క్రీ.పూ. 2వ శతాబ్దం చివర్లో, తాయ్ యీ అనే దేవుడికి రాత్రంతా పూజ చేయించేవాడు. పొద్దుగూకినప్పుడు మొదలుపెట్టి తెల్లారాక ముగించేవాళ్లు. పండగకు మూలం ఇదేనని చాలామంది రాస్తారు. కానీ పాత గ్రంథంలో ఆ పూజ 15న జరిగిందని లేదు, అది మొదటి నెలలో వేరే రోజు. రాత్రంతా దీపాలుండటం చూసి తర్వాతివాళ్లు రెండింటినీ కలిపారు.

జనం వీధుల్లో చేసుకునే పండగగా ఇది కనిపించేది 6వ శతాబ్దం చివర్లో. కనిపించేది కూడా ఒక ఫిర్యాదులో. లియు యూ అనే అధికారి సుయి వంశపు తొలి చక్రవర్తికి అర్జీ పెట్టాడు. 15వ రాత్రి వీధులన్నీ జనంతో నిండిపోతున్నాయి, డప్పుల మోతకు ఆకాశం దద్దరిల్లుతోంది, కాగడాల వెలుగు నేలంతా పరుచుకుంటోంది, జంతువుల ముఖాలు తగిలించుకుంటున్నారు, మగవాళ్లు ఆడవేషాలు వేస్తున్నారు, పక్కవాడికంటే ఘనంగా చేయాలని ఉన్న డబ్బంతా తగలేస్తున్నారు, దీన్ని ఆపించండి అని. చక్రవర్తి సరే అన్నాడు. పండగ మాత్రం ఆగలేదు. ఆయన కొడుకే 610లో లువోయాంగ్ నగరంలో విదేశీ దొరల కోసం అదే రాత్రి 18,000 మంది వాద్యగాళ్లతో ఉత్సవం పెట్టించాడు. అది నెలాఖరుదాకా సాగింది.

నన్నడిగితే ప్రాజెక్టులో ఈ అర్జీనే ముందు పెట్టించండి. ఒక పండగ పుట్టుకకు, దాన్ని ఆపించమని పెట్టిన అర్జీకంటే గట్టి సాక్ష్యం ఏముంటుంది?

తూర్పుగాలి (రాజమండ్రి)

దీపాల పండగ అంటే మన దీపావళే కదండీ. బౌద్ధంతోపాటు ఇక్కడినుంచే వెళ్లి ఉంటుంది.

పాతచరిత్ర

దీపావళికి సంబంధం చూపించే ఆధారం ఏదీ లేదండి. అది అమావాస్య రోజు, ఇది పున్నమి రోజు. కాలం వేరు, కారణం వేరు. పిల్లలచేత అలా రాయించొద్దు.

అమరావతి_స్తూపం (గుంటూరు)

దీపావళి సంగతి పక్కనపెడదాం. బౌద్ధాన్ని మాత్రం అంత తేలిగ్గా తీసేయకండి అన్నా. చక్రవర్తి మింగ్ కథ తర్వాతి కాలంలో అల్లిందే అయి ఉండొచ్చు, ఒప్పుకుంటాను. కానీ బుద్ధుడి ముందు దీపం పెట్టడం పుణ్యమన్న ఆచారం చైనాకు వెళ్లింది, వెళ్లి ఈ రాత్రితో కలిసింది. దానికి తేదీతో సహా సాక్ష్యం ఉంది.

713. తాంగ్ వంశం, రాజధాని చాంగాన్. పడమటి దేశాలనుంచి వచ్చిన ఒక బౌద్ధ భిక్షువు, పున్నమి రాత్రి కోట తలుపులు తెరిచి ఉంచండి, లక్షల దీపాలు వెలిగిస్తాం అని దర్బారును కోరాడని తాంగ్ చరిత్రలో రాసి ఉంది. అనుమతి దొరికింది. ఆ ఏడే ఆన్‌ఫూ ద్వారం బయట ఒక దీపచక్రం నిలబెట్టారు. ఎత్తు 20 జాంగ్‌లు, అంటే ఇప్పటి లెక్కలో సుమారు 60 మీటర్లు. పట్టువస్త్రాలు చుట్టి, బంగారం, జేడ్ అనే విలువైన రాళ్లతో అలంకరించి, 50,000 దీపాలు పెట్టారు. పూలచెట్టులా ఉందని రాశారు. దాని కింద వెయ్యిమందికి పైగా అంతఃపుర స్త్రీలు, ఊళ్లోంచి ఎంచి తెచ్చిన మరో వెయ్యిమంది అమ్మాయిలు మూడు పగళ్లు, మూడు రాత్రుళ్లు పాడుతూ అడుగులు వేశారు.

దీన్ని కూడా ఒక అధికారి తప్పుపట్టాడు లెండి. యాన్ తింగ్‌జీ అని, జనాన్ని అలసగొట్టే ఈ వేడుక వద్దని దర్బారుకు రాశాడు.

పాతచరిత్ర

713 సంగతి మంచిది ఎత్తారు. నేను చెప్పబోయేదానికి అదే ఆధారం. ఆ భిక్షువు ఏం అడిగాడో చూడండి. దీపాలకు ముందు, రాత్రి తలుపులు తెరవమన్నాడు. ఎందుకంటే మామూలు రోజుల్లో తెరవరు.

చాంగాన్‌లో వందకు పైగా పేటలు, ఒక్కో పేట చుట్టూ గోడ. పొద్దుగూకగానే డప్పు మోగుతుంది, పేట తలుపులు మూసేస్తారు. ఆ తర్వాత పెద్ద వీధిలో కనబడితే సన్న బెత్తంతో 20 దెబ్బలు, చట్టంలోనే ఉంది. పెళ్లి, జబ్బులాంటి అత్యవసరం ఉంటే తప్ప మినహాయింపు లేదు. అలాంటి నగరంలో ఏడాదికి మూడు రాత్రులు, 14, 15, 16, కర్ఫ్యూ ఎత్తేసేవాళ్లు. లాంతరు పట్టుకుని ఊళ్లో ఎక్కడికైనా వెళ్లొచ్చు, ఎవరితోనైనా మాట్లాడొచ్చు, ఎప్పుడైనా ఇంటికి రావచ్చు. లాంతర్లు ఏ గుడిలోనైనా, ఏ కోటలోనైనా పెట్టుకోవచ్చు. ఇది మాత్రం ఊరి జనమంతా చీకట్లో బయటికి రావడానికి దొరికిన అనుమతి. అందుకే జనం ఈ పండగను వదల్లేదు, ఎన్ని అర్జీలు పడ్డా.

తర్వాత సోంగ్ వంశంలో అది 5 రాత్రులైంది. మింగ్ వంశంలో 8వ తేదీనుంచి 17దాకా 10 రాత్రులైంది. ఆ రెండు వంశాలూ జనానికి ఇంకాస్త రాత్రి ఇచ్చాయన్నమాట.

నిశాచరి (బెంగళూరు)

ఇక్కడ ఆడవాళ్ల మాట కూడా రావాలి. ఇన్నాళ్లూ ఈ పండగ గురించి చదివినదాంట్లో నన్ను బాగా పట్టేసింది అదే.

మంచి ఇళ్ల ఆడపిల్లలు వీధిలోకి రావడమే తక్కువ. ఈ రాత్రుల్లో మాత్రం ఎవరూ అడ్డు చెప్పరు. దక్షిణ సోంగ్ కాలపు రాజధాని, ఇప్పటి హాంగ్‌జౌ నగరం జ్ఞాపకాలు రాసిపెట్టిన ఒకాయన ఉన్నాడు, 13వ శతాబ్దం మనిషి. లాంతర్ల రాత్రి స్త్రీలు తలలో ముత్యాలు, చిన్న చిన్న సీతాకోక చిలుకల బొమ్మలు పెట్టుకుని, ఎక్కువగా తెల్లబట్టలు కట్టుకునేవాళ్లట. వెన్నెల్లో తెలుపు నప్పుతుందని. చుట్టూ వేల రంగుల దీపాలుంటే తాము తెల్లగా కనబడాలనుకున్న ఆ ఆలోచన ఎంత అందంగా ఉందో చూడండి.

ఆయనే ఇంకో సంగతి రాశాడు. బాగా పొద్దుపోయి జనం పల్చబడ్డాక, కొంతమంది చిన్న దీపాలు పట్టుకుని వీధులు వెతుక్కుంటూ వచ్చేవాళ్లట. తోపులాటలో జారిపడిన చెవికమ్మలు, తలపువ్వులు ఏరుకోవడానికి. దీన్ని వీధి ఊడవడం అనేవాళ్లు. నిజంగానే దొరికేవట.

ఇక మింగ్, చింగ్ కాలాల్లో బీజింగ్‌లాంటి చోట్ల ఆడవాళ్లు గుంపులుగా నడుచుకుంటూ వంతెనలు దాటేవాళ్లు. అలా దాటితే ఏడాదిలో వచ్చే రోగాలన్నీ పోతాయని నమ్మకం. నగర ద్వారాల తలుపులకుండే పెద్ద పెద్ద ఇత్తడి మేకుల్ని చీకట్లో తడిమి, చెయ్యి సరిగ్గా మేకు మీద పడితే కొడుకు పుడతాడనుకునేవాళ్లు. కొడుకు మాట ఎలా ఉన్నా, రాత్రిపూట స్నేహితురాళ్లతో కలిసి ఊరంతా తిరిగి రావడానికి ఆచారమే సాకు ఇచ్చింది కదా, నాకు అది గొప్పగా అనిపిస్తుంది. మేడమ్, మీ క్లాసులో ఆడపిల్లలకు ఇది తప్పకుండా చెప్పండి.

సోషల్_టీచరమ్మ

చెబుతానమ్మా, తప్పకుండా. పాతచరిత్ర గారూ, కర్ఫ్యూ సంగతి విన్నాక మా ప్రాజెక్టు రూపమే మారిపోయింది. పిల్లలు చాంగాన్ పేటలు, గోడలు అట్టముక్కలతో కడతామంటున్నారు.

వ్యాపారుల గురించి ఏమైనా తెలుసా? మా ఊళ్లో తిరునాళ్లంటే ముందు కొట్లే గుర్తొస్తాయి.

పాతచరిత్ర

నిశాచరి గారు చెప్పిన పెద్దమనిషే రాశాడు. పండగ రాత్రుల్లో నగర పాలకుడు డబ్బు సంచులతో మనుషుల్ని వెంటబెట్టుకుని తిరిగేవాడు. కనబడ్డ ప్రతి చిన్న వర్తకుడికీ వ్యాపారం బాగా సాగాలని కొంత డబ్బు పంచిపెట్టేవాడు. కొందరు గడుసువాళ్లు చిన్న పళ్లెంలో నాలుగు బేరిపండు ముక్కలు, తామరదుంప ముక్కలు పెట్టుకుని, జనంలోంచి దూరి మళ్లీ మళ్లీ ఎదురుపడి మూడు నాలుగుసార్లు తీసుకునేవాళ్లట. తెలిసినా అడ్డుకునేవాళ్లు కాదట.

లాంతర్ల మీద పొడుపు కథలు రాసి వేలాడదీయడం కూడా ఆ ఊళ్లో, ఆ కాలంలోనే బాగా పెరిగింది. విప్పినవాళ్లకు చిన్న బహుమతి. ఇప్పటికీ ఈ పండగలో అది తప్పనిసరి. మీ పిల్లలకు తెలుగు పొడుపు కథలతో చేయించొచ్చు, ఖర్చు లేని పని.

లుజౌ_డాక్టర్ (ఒంగోలు)

అందరూ పాతకాలం గురించి చెబుతున్నారు, నేను ఇప్పటి సంగతి చెబుతాను. నేను ఎంబీబీఎస్ సిచువాన్‌లో చదివాను. మన తెలుగు పిల్లలు అక్కడ చాలామందే ఉండేవాళ్లం. పక్కనే జిగోంగ్ అనే ఊరుంది. ఇప్పుడు ప్రపంచంలో ఎక్కడ పెద్ద లాంతర్ల ప్రదర్శన జరిగినా, చేసేవాళ్లు చాలావరకు ఆ ఊరివాళ్లే. యూరప్, అమెరికాల్లో జూలకు, పార్కులకు కూడా వాళ్లే వెళ్లి కడతారు.

అది ఉప్పు ఊరు. సముద్రం ఎక్కడో ఉంటుంది, ఉప్పంతా భూమిలోంచి తీయాలి. వెదురు, ఇనుప ఉలులతో బావులు తొలిచేవాళ్లు. 1835లో షెన్‌హాయ్ అనే బావి 1,001 మీటర్లు దాటింది. అంత లోతు తొలిచిన బావి అప్పటికి ప్రపంచంలో ఇంకోటి లేదు. అదే బావులనుంచి వచ్చే గ్యాస్ మండించి ఉప్పునీళ్లు మరగబెట్టేవాళ్లు. ఉప్పు డబ్బు ఉన్న ఊరు కాబట్టి గుళ్లు, సంఘాల భవనాలు, దీపాల పండగలు ఘనంగా సాగాయి. ఇప్పటి పద్ధతిలో ఊరంతటికీ ఒకటే ప్రదర్శన 1964లో మొదలైంది. దగ్గర్లోని దాషాన్‌పూలో డైనోసార్ ఎముకలు కుప్పలుగా బయటపడ్డాయి. అందుకే 1987నుంచి డైనోసార్ లాంతర్లు వాళ్ల గుర్తుగా మారిపోయాయి.

నన్ను అక్కడే నిలబెట్టేసింది పింగాణీ డ్రాగన్. దూరంనుంచి పొలుసులు మెరుస్తుంటాయి. దగ్గరికెళ్తే ఆ పొలుసులు అన్నం తినే పళ్లేలు. ఒకదాని అంచు మీద ఇంకోటి ఎక్కించి, దారంతో కట్టుకుంటూ పోయారు. మీసాల దగ్గర సూప్ చెంచాలు, వెన్ను మీద టీ కప్పులు. అతికింపు లేదు, మేకు లేదు, అంతా కట్టే. ఇంకోచోట నెమలి పింఛం మొత్తం ఇంజెక్షన్ మందు సీసాలు, ఒక్కోదాంట్లో రంగునీళ్లు నింపి వెనకనుంచి దీపం పెట్టారు. పట్టుపురుగు గూళ్లతో చేసినవి కూడా చూశాను. డాక్టరు చదువుకునేవాణ్ణి కదా, ఖాళీ సీసాలు అంత అందంగా ఉంటాయని అంతకుముందు ఎప్పుడూ అనుకోలేదు.

మామూలు లాంతర్లు చేసే పద్ధతి కూడా చూశాను. ముందు నేలమీద బొమ్మ అసలు సైజులో గీస్తారు. ఆ గీతల మీద ఇనుప తీగలు వంచి, వెల్డింగ్ చేసి, గూడు నిలబెడతారు. లోపల బల్బులు బిగిస్తారు. తర్వాత తీగకు తీగకు మధ్య ఉన్న ఒక్కో గడికీ రంగు గుడ్డ అతికిస్తారు. నేను చూసినచోట ఈ పని అంతా ఆడవాళ్లదే. తీగ మీద బంక రాసి, గుడ్డను లాగిపట్టి, ముడత లేకుండా వేలితో నొక్కి, అంచు కత్తెరతో కోసేస్తారు. ముడత పడితే రాత్రి దీపం వేసినప్పుడు అక్కడ నల్లగీత కనబడుతుందని చెప్పారు. చివర్లో రంగు స్ప్రే చేస్తారు.

కత్తెర_కాగితం (విశాఖ)

డాక్టరు గారు తీగల గూడు గురించి చెప్పారు. అసలు గూడే లేని లాంతర్లున్నాయి. జెజియాంగ్ రాష్ట్రంలో శియాన్‌జూ అనే చోట చేస్తారు. వెదురు బద్ద ఉండదు, తీగ ఉండదు. మందపాటి కాగితం ముక్కల మీద సూదితో పొడిచి పొడిచి పువ్వులు, పక్షులు దించుతారు. ఆ ముక్కల్ని మడిచి ఒకదానికొకటి అతికిస్తే లాంతరు దానంతటదే నిలబడుతుంది. పగలు చూస్తే మామూలు కాగితం. లోపల దీపం పెట్టగానే ఒక్కో చిల్లులోంచి ఒక్కో చుక్క వెలుగు వస్తుంది, చుక్కలన్నీ కలిసి బొమ్మ కనబడుతుంది.

మేడమ్, క్లాసుకు ఇది చక్కగా పనికొస్తుంది. చార్టు పేపరు, గుండుసూది, కింద పెట్టుకోవడానికి పాత అట్ట చాలు. చిల్లులు మరీ దగ్గరగా పొడవనివ్వొద్దు, కాగితం చిరుగుతుంది.

సింగపూర్_సుబ్బు (సింగపూర్)

ఒక్కటి గుర్తుపెట్టుకోండి. నెట్‌లో చైనా లాంతర్ల ఫోటోలని వెతికితే మూడు వేర్వేరు పండగల ఫోటోలు కలిసిపోయి వస్తాయి. మొదటి నెల పున్నమి మీరు అడిగినది. ఏడో నెల పున్నమి చనిపోయినవాళ్లది, తామరపువ్వు ఆకారం దీపాలు నీళ్లలో వదులుతారు. ఎనిమిదో నెల పున్నమి మూన్‌కేకుల పండగ. ఇక్కడ పిల్లలు చేతిలో లాంతరు పట్టుకుని తిరిగేది అప్పుడే. సింగపూర్‌లో మా పిల్లలు కూడా పక్క ఫ్లాట్ పిల్లలతో కలిసి కుందేలు, చేప లాంతర్లు పట్టుకుని కిందికి వెళ్తారు. పాతరోజుల్లో రంగుల జిలుగు కాగితంలో కొవ్వొత్తి ఉండేది, ఇప్పుడు ఎక్కువగా బ్యాటరీవి, పాట కూడా పాడతాయి. నాకు కొవ్వొత్తివే ఇష్టం.

ఇక్కడ కొత్త సంవత్సరానికి రెండు రోజులే సెలవు, 15వ రోజు అందరూ ఆఫీసుకు పోవాల్సిందే. సాయంత్రం మాత్రం ఇంటిల్లిపాదీ కలిసి తింటారు. మలేషియాలో పెనాంగ్ వైపు ఆ రాత్రి పెళ్లికాని అమ్మాయిలు నారింజపళ్లు సముద్రంలోకి విసురుతారు, మంచి భర్త రావాలని.

గోదారి_వంటిల్లు (కాకినాడ)

తిండి సంగతి ఎవరూ చెప్పరేం? ఆ రోజు తినేది జిగురు బియ్యప్పిండి ఉండలు. చూడ్డానికి మన ఉండ్రాళ్లలా ఉంటాయి, లోపల మాత్రం నల్లనువ్వులు, పంచదార, కొవ్వు కలిపిన ముద్ద. ఉత్తరాదివాళ్లు ఆ ముద్దను గట్టిగా కోసి, తడిపి, పొడిపిండి ఉన్న బుట్టలో వేసి అటూ ఇటూ ఊపుతారు. పిండి పొరలు పొరలుగా పట్టి ఉండ పెద్దదవుతుంది. దక్షిణాదివాళ్లు పిండి తడిపి, చేతిలో పల్చగా చేసి, మధ్యలో ముద్ద పెట్టి మూస్తారు. ఉడికించిన నీళ్లతోనే గిన్నెలో పోస్తారు. కొరికేటప్పుడు జాగ్రత్త, లోపలి నువ్వులు నాలుక కాలుస్తాయి.

సోషల్_టీచరమ్మ

ఎర్రరంగు గురించి ఎవరైనా చెబుతారా? ఇంకోమాట. పిల్లలు గాల్లోకి ఎగరేసే లాంతర్లు తెప్పిద్దామంటున్నారు, వార్షికోత్సవం రోజు గ్రౌండ్‌లో వదలాలని. చైనావాళ్ల అసలు పద్ధతి అదేనంటున్నారు. ఎలా ఉంటుందంటారు?

పాతచరిత్ర

ఎరుపు శుభానికి గుర్తు. పెళ్లికీ కొత్త సంవత్సరానికీ ఎరుపే. తెల్ల లాంతరు గుమ్మానికి కట్టారంటే ఆ ఇంట్లో చావు జరిగిందని. కాబట్టి పిల్లలు స్టేజీకి తెల్ల లాంతర్లు వరసగా కట్టకుండా చూసుకోండి. ఇప్పుడు మనకు కనిపించే గుండ్రటి ఎర్ర లాంతర్లు చాలావరకు హెబేయి రాష్ట్రంలోని గావ్‌చెంగ్ వైపు పల్లెల్లో తయారవుతాయి.

అలాగని పండగ లాంతర్లన్నీ ఎర్రవే అనుకోవద్దు. సోంగ్ కాలంలో రాజధానికి సుజౌ నుంచి రంగుగాజు లాంతర్లు వచ్చేవి. ఫూజౌ నుంచి తెల్ల జేడ్ రాయితో చేసినవి వచ్చేవి, మంచుగడ్డలా చూపుకు చల్లగా ఉండేవని రాశారు. రాజుగారి వేడుకలో తెలుపుకు దోషం లేదు, వీధి గుమ్మానికే ఆ పట్టింపు.

రెండో ప్రశ్నకు నా జవాబు వద్దు అనే. వివరం ఫిజిక్స్ మాస్టారు చెబితే బాగుంటుంది, ఆయన్ని ట్యాగ్ చేస్తున్నా.

ఫిజిక్స్_రాజు (ఏలూరు)

మేడమ్, దయచేసి వదలొద్దు. ఎంతమాత్రం వద్దు.

అది చిన్న వేడిగాలి బెలూన్. లోపలి గాలి వేడెక్కి తేలికవుతుంది, పైకి పోతుంది. మంట ఆరేదాకా గాలి ఎటు తోస్తే అటు. మీ చేతిలో ఏమీ ఉండదు. 2020 జనవరి 1న అర్ధరాత్రి దాటిన కాసేపటికే జర్మనీలోని క్రెఫెల్డ్ జూలో ఇలాంటి లాంతర్లు పడి కోతుల భవనం తగలబడింది. గొరిల్లాలు, ఒరాంగుటాన్లతో సహా 30కి పైగా జంతువులు చచ్చిపోయాయి. ఆ ప్రాంతంలో అవి అప్పటికే నిషేధం. 2013లో ఇంగ్లండ్‌లోని స్మెథిక్‌లో ఒక్క లాంతరు పడి, రీసైక్లింగ్ కోసం నిల్వ చేసిన సుమారు లక్ష టన్నుల ప్లాస్టిక్, కాగితం అంటుకుంది. లాంతరు దిగడం సీసీ కెమెరాలో కనబడింది. మీ స్కూల్ చుట్టూ ఎన్ని గడ్డివాములు ఉన్నాయో ఒకసారి చూడండి.

అసలు పద్ధతి అన్నారు కదా. మూడు రాజ్యాల కాలపు సేనాని జూగే లియాంగ్ శత్రువులు చుట్టుముట్టినప్పుడు సాయం కోసం ఎగరేశాడని చెబుతారు, అందుకే ఆయన పేరుతోనే పిలుస్తారు. అంటే కథ ప్రకారం కూడా అది సైనిక సంకేతం. తైవాన్‌లో పింగ్‌షీ కొండల్లో ఏటా వదులుతారు, నిజమే. దొంగల భయంతో కొండల్లో దాక్కున్నవాళ్లకు ఇక ఇంటికి రావచ్చని సైగ చేయడంతో మొదలైందని అక్కడివాళ్లు చెబుతారు. అది వానలెక్కువ పడే తడి లోయ, పైగా అక్కడ కూడా చోటు, సమయం నిర్ణయించి వదులుతారు. చైనాలోనే చాలా నగరాల్లో వీటిమీద నిషేధం ఉంది.

దానికి బదులు, అదే సూత్రంతో నేలమీదే నిలబడి ఆడే లాంతరు ఒకటుంది. పరిగెత్తే గుర్రాల లాంతరు. సోంగ్ కాలానికే బాగా తెలిసిన వస్తువు. మధ్యలో నిలువుగా సన్నటి ఇరుసు, పైన కాగితపు రెక్కల చక్రం, నడుమ అడ్డంగా పుల్లలు, వాటి చివర గుర్రాలు, రౌతుల కత్తిరింపు బొమ్మలు. కింద దీపం పెడితే వేడిగాలి పైకి లేచి రెక్కల్ని తోస్తుంది, ఇరుసు తిరుగుతుంది, గుర్రాల నీడలు చుట్టూ ఉన్న కాగితం మీద పరిగెడతాయి. ఒకదాన్నొకటి తరుముతూనే ఉంటాయి. టర్బైన్ పనిచేసేది ఈ పద్ధతిలోనే, అందుకే పదో తరగతివాళ్లకు కూడా చూపిస్తుంటాను.

వేడి, పొగ, గాలి ఎటు పోతాయో ఆ దేశంలో ఎప్పటినుంచో గమనించారు. 1968లో హెబేయిలోని మాన్‌చెంగ్‌లో హాన్ కాలపు రాణి దోవ్ వాన్ సమాధి తవ్వితే ఒక కంచు దీపం దొరికింది. బంగారు పూత, 48 సెంటీమీటర్ల ఎత్తు. మోకాళ్ల మీద కూర్చున్న పరిచారిక చేతిలో దీపం ఉంటుంది. ఆమె కుడి జుబ్బా చెయ్యి దీపం మీద గొడుగులా వంగి ఉంటుంది. పొగ ఆ చేతిలోంచి ఆమె బోలు ఒంట్లోకి పోతుంది, గదిలోకి రాదు. దీపం చుట్టూ ఉన్న వంపు రేకుల్ని జరిపితే వెలుగు ఎటు కావాలంటే అటు. తల, చెయ్యి ఊడదీసి లోపలి మసి తుడుచుకోవచ్చు. రెండు వేల ఏళ్ల కిందటి వస్తువు.

సోషల్_టీచరమ్మ

మాస్టారూ, ఎగరేసేవి రద్దు చేశాను. హెడ్‌మాస్టరు గారికి కూడా చెప్పాను. గుర్రాల లాంతరే చేస్తాం. కొవ్వొత్తి బదులు ఎల్ఈడీ పెడదామంటున్నారు పిల్లలు, అది భద్రం కదా. కుదురుతుందా?

లుజౌ_డాక్టర్

మేడమ్, ఫోటోలు పెట్టండి. పొడుపు కథలు కూడా రాయించండి, ఇక్కడ మేం విప్పుతాం.

ఫిజిక్స్_రాజు

ఎల్ఈడీతో తిరగదు మేడమ్. రెక్కలు తిప్పేది వెలుగు కాదు, వేడి. పాత గుండు బల్బు, 40 లేదా 60 వాట్లది, హోల్డర్‌లో నిలువుగా పెట్టండి. జీరో బల్బు చాలదు. హోల్డర్ కనెక్షన్ పెద్దవాళ్లెవరైనా ఇవ్వాలి, కాగితం బల్బుకు కనీసం జానెడు దూరంలో ఉండాలి.

పైచక్రానికి పల్చటి కాగితం గుండ్రంగా కోసి, అంచునుంచి మధ్యకు కాస్త ఇవతలిదాకా ఎనిమిది కోతలు పెట్టి, ప్రతి రెక్కనూ ఒకేవైపు కొంచెం వంచండి. ఒక్కటి ఎదురు వంగినా చక్రం మొరాయిస్తుంది. ఇరుసు అడుగున సూది మొన బయటికి ఉండాలి. బల్బు పైన అడ్డంగా ఒక గట్టి తీగ కట్టి, దాని నడుమ టిచ్ బటన్‌లో గుంటగా ఉండే సగం తీగకు బిగించి, సూది మొన ఆ గుంటలో నిలబెట్టండి. పైన ఇంకో తీగకు చిన్న చుట్ట చుట్టి, ఇరుసు అందులోంచి వదులుగా పోనివ్వండి, పడిపోకుండా ఉంటుంది. బొమ్మలు ఎదురెదురుగా ఒకే బరువు ఉండేలా చూడండి. లాంతరు కింద నాలుగు వైపులా వేలెడు ఖాళీ వదలండి, కిందనుంచి చల్లగాలి రాకపోతే పైకి వేడిగాలి పోదు. పైకప్పు కూడా మూయొద్దు.

అప్పటికీ తిరగకపోతే ముందు ఫ్యాన్ ఆపించండి. తర్వాత సూది మొన చూడండి, చాలావరకు తప్పు అక్కడే ఉంటుంది.